ఇంటి బ్యాటరీకీ రాయితీ ఇవ్వాలి!

తిరుపతి, చిత్తూరు జిల్లాల కరెంటు వినియోగదారులారా!

కరెంటు పోతే మిద్దె మీది సోలార్ కూడా ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ మండుతున్నా సరే, ఆగిపోతుంది. సోలార్ పెట్టించుకున్న చాలామందికి ఈ సంగతి మొదటిసారి కరెంటు పోయిన రోజున గానీ తెలియడం లేదు. ఇది ప్యానెళ్ళ లోపం కాదు. స్తంభమెక్కి లైను బాగుచేసే లైన్‌మన్ ప్రాణానికి మన ఇంటి కరెంటు ముప్పు కాకూడదని, సరఫరా ఆగిన క్షణమే ఇన్వర్టర్ కూడా ఆగేలా చేస్తారు. ఆ జాగ్రత్త ఉండాల్సిందే. మరి ఆ వేళ ఇంట్లో ఫ్యాను తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ కావాలి. ఇంటి సోలార్‌కు కేంద్రం రాయితీ ఇచ్చే సూర్యఘర్ పథకంలో ఆ బ్యాటరీకి ఒక్క రూపాయి రాయితీ లేదు. ఉందని ఎవరైనా చెప్పి అమ్మజూస్తే నమ్మకండి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ మంచి పథకం. కిలోవాట్‌కు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు కిలోవాట్లకూ ఆపైనా రూ.78,000 మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్లపై రాష్ట్రం మరో రూ.20,000 ఇస్తామంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్లు ఉచితమంది. 2025 జనవరిలో కుప్పం దగ్గరి నడిమూరులో ముఖ్యమంత్రి ఇళ్ళకు ప్యానెళ్ళు పెట్టే పనిని ప్రారంభించారు, తర్వాత నారావారిపల్లె మిద్దెలకూ ప్యానెళ్ళు ఎక్కాయి. రాష్ట్రానికి దారి చూపింది మన పల్లెలే. ఇంకా దరఖాస్తు చేయనివాళ్ళు వెంటనే చేయండి. 2025–26 టారిఫ్‌లో నెలకు 225 యూనిట్లు దాటితే ఆపై యూనిట్‌కు రూ.8.75, 400 దాటితే రూ.9.75. మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు నెలకు సుమారు 300 యూనిట్లకు పైగానే ఇస్తాయి. బిల్లులో ముందు తగ్గేవి ఆ ఖరీదైన యూనిట్లే.

ఒక మాట దాచకుండా చెబుతున్నాం. నెట్ మీటర్ ఉంటే పగలు మిగిలిన కరెంటు లైనుకు పోతుంది, రాత్రి వాడుకున్నదాంట్లో అది తీసివేతవుతుంది. బిల్లు తగ్గించుకోవడమొక్కటే కావాలంటే బ్యాటరీ అవసరం లేదు. కరెంటు పోతే బతుకు ఆగిపోయే ఇళ్ళకే అది కావాలి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఊపిరి తీసుకునే పెద్దాయన ఉన్న ఇల్లు, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ దాచుకునే ఇల్లు, మోటారు మిషన్ మీద కుట్టి పిల్లలను చదివించే అక్క ఇల్లు. వానలు, తుపాన్లప్పుడు కరెంటు కష్టం మనకు కొత్త కాదు. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు చెరువులైన సంగతి మనమెవరం మరిచిపోలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు సూళ్ళూరుపేట, తడ వైపు జనం పడిన అవస్థ కూడా తెలిసిందే. సముద్రం పక్కన ఉన్నవాళ్ళకు ఇది ఏటా ఉండే భయం.

ఇక ఖర్చు చూడండి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అంటే 12 ఓల్టుల లెక్కన 1.8 యూనిట్లు. సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే అది తొందరగా చచ్చిపోతుంది కాబట్టి చేతికొచ్చేది ఒక యూనిట్ కూడా కాదు. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు నాలుగు గంటలు నడుస్తాయి, అంతే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు మొత్తం వాడుకోవచ్చు, ఆయుష్షూ ఎక్కువ, కానీ ధర సామాన్యుడికి అందదు. దానిమీద పన్ను కూడా! 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ ప్యానెళ్ళపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. విడిగా కొనే బ్యాటరీపై మాత్రం 18 శాతం.

ప్రభుత్వం దగ్గర డబ్బు లేదా? 2025 జూన్‌లో కేంద్రం పెద్ద బ్యాటరీ కేంద్రాలకు మెగావాట్ అవర్‌కు రూ.18 లక్షల చొప్పున, మొత్తం రూ.5,400 కోట్ల సాయం ప్రకటించింది. మెగావాట్ అవర్ అంటే వెయ్యి యూనిట్లు. అంటే ఒక యూనిట్ నిల్వకు రూ.1,800. అదే లెక్క మనకూ కట్టినా అయిదు యూనిట్ల ఇంటి బ్యాటరీకి రూ.9,000 రావాలి. ఆస్ట్రేలియాలో 2025 జూలై నుంచి ఇంటి బ్యాటరీ ధరలో సుమారు 30 శాతం అక్కడి కేంద్ర ప్రభుత్వమే భరిస్తోంది. ఇక్కడ సాయంత్రం సూర్యుడు దిగాక కరెంటు పంపిణీ సంస్థలు (డిస్కంలు) బయట ఎక్కువ ధరకు కరెంటు కొని, ఆ భారాన్ని సర్దుబాటు చార్జీల పేరుతో మన బిల్లులోనే వేస్తాయి. ఆ వేళకు వేల ఇళ్ళు తమ బ్యాటరీ మీద నడిస్తే ఆ కొనుగోలు తగ్గదా?

పైగా బ్యాటరీలు తయారయ్యే గడ్డ మనది. కరకంబాడిలో అమరరాజా ఉంది. తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో 2022లోనే మునోత్ లిథియం సెల్ కర్మాగారం మొదలైంది. ఈ ఊరి మనుషుల చేతుల మీదుగా తయారయ్యే వస్తువు ఈ ఊరి ఇళ్ళకు అందకపోవడం అన్యాయం!

మేం అడుగుతున్నది ఇదీ: సూర్యఘర్ రాయితీకి బ్యాటరీని కలపాలి. రోగులున్న ఇళ్ళకు, ఎస్సీ, ఎస్టీ ఉచిత పథకం ఇళ్ళకు, తీర గ్రామాలకు మొదట ఇవ్వాలి. బ్యాటరీపై జీఎస్టీని 5 శాతానికి దించాలి. కరెంటు పోతే సోలార్ నడుస్తుందో లేదో సంతకానికి ముందే కాగితం మీద రాసివ్వమని వెండర్లను మన డిస్కం ఎస్పీడీసీఎల్ ఆదేశించాలి. ఆ సంస్థ కేంద్ర కార్యాలయం తిరుపతిలోనే ఉంది, మన గొంతు వినబడనంత దూరమేమీ కాదు.

వచ్చే సోమవారం ఉదయం తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు తరలిరండి. ఇంటికొక అర్జీ ఇద్దాం. రాలేనివాళ్ళు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు (ఏపీఈఆర్‌సీ) రాయండి. ఏటా టారిఫ్ ఖరారుకు ముందు కమిషన్ ప్రజల అభ్యంతరాలు అడుగుతుంది, అప్పుడు మన రెండు జిల్లాల నుంచి కట్టలకొద్దీ ఉత్తరాలు పోవాలి.

కొత్తగా సోలార్ పెట్టించుకునేవాళ్ళు వెండర్‌ను ముందే అడగండి: ఇది హైబ్రిడ్ ఇన్వర్టరా? రేపు బ్యాటరీ తగిలించవచ్చా? లేకుంటే తర్వాత ఇన్వర్టర్‌కు రెండోసారి డబ్బు పెట్టాల్సి వస్తుంది. బ్యాటరీ ఉన్నవాళ్ళు రేకుల కింద, ఎండ తగిలేచోట పెట్టకండి, మన వేసవి వేడికి దాని ఆయుష్షు సగమవుతుంది.

సోమవారం వచ్చేటప్పుడు కరెంటు బిల్లు జిరాక్స్, ఆధార్ జిరాక్స్, సర్వీసు నంబరు రాసిన అర్జీ తెచ్చుకోండి. ఇంట్లో రోగి ఉంటే డాక్టరు చీటీ నకలు కూడా జతచేయండి.

– తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యుత్ వినియోగదారులు