బొగ్గు బండికీ ఫొటో కావాలి

వందేభారత్ వస్తోందంటే ప్లాట్‌ఫాం మీద ఫోన్లన్నీ పైకి లేస్తాయి. బొగ్గు బండి వస్తే తల తిప్పి చూసేవాళ్లే తక్కువ. మన ఫొటోగ్రాఫర్లు వదిలేస్తున్నది మాత్రం చిన్న కథ కాదు.

కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల లైను ఉంది. సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గనుల బొగ్గు కోసం సింగరేణి, రైల్వే కలిసి దాన్ని వేశాయి. 2022లో అది అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు ఆ బొగ్గు టిప్పర్లలో రోడ్డెక్కేది. ఆ దుమ్ము, ఆ రద్దీ దారి పొడవునా ఊళ్లు భరించాయి. ఎల్లందులో 1889లో తవ్వకం మొదలైన నాటి నుంచి ఈ ప్రాంతం బతుకు బొగ్గుతో, రైలుతో ముడిపడి ఉంది. అందులో తాజా అధ్యాయం ఈ లైను.

ఇలాంటి లైన్లను ఫొటో తీసే పనికి ఎంత విలువ ఉంటుందో అమెరికాలో ఫొటోగ్రాఫర్ ఓ. విన్‌స్టన్ లింక్ చూపించాడు. 1955 నుంచి 1960 వరకు, బొగ్గు రవాణాకు పేరుపడ్డ నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో చివరి ఆవిరి ఇంజన్లను ఫొటోలు తీశాడు. అబింగ్డన్ బ్రాంచి అనే పల్లె లైనునూ వదల్లేదు. 1977లో ఆ లైనులో రైళ్లు ఆగిపోయాయి. ఇప్పుడక్కడ ఉన్నది నడకదారి. రైలుతో పాటు ఆ పక్కనున్న మనుషులనూ ఇళ్లనూ ఫ్రేములోకి తెచ్చాడు కాబట్టే ఆయన చిత్రాలకు రోనోక్‌లో ఒక మ్యూజియమే వెలిసింది.

సత్తుపల్లి వైపూ అదే చేయాలి. ఇంజను ఒక్కటే కాదు, ఆయిల్‌పామ్ తోటలు, మామిడి తోపులు, గేటు దగ్గర ఆగిన ఆటో కూడా ఫొటోలో ఉండాలి. బొగ్గును ఫొటో తీయడం తేలిక కాదు. కెమెరా దాని నలుపును బూడిదరంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించి, ఉదయపు ఏటవాలు ఎండలో తీస్తే వ్యాగన్‌లోని పెళ్లలు అంచులు మెరుస్తూ విడివిడిగా కనిపిస్తాయి.

అయితే పట్టాల మీదికి వెళ్లకూడదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం. పైన 25 వేల వోల్టుల తీగలున్న లైన్ల దగ్గర సెల్ఫీ కర్రలతో ఆటలు ప్రాణాంతకం. రోడ్డు వంతెనలు, పొలం గట్లు చాలు.

సింగరేణి, రైల్వే కూడా ముందుకు రావాలి. ఏటా స్థానిక యువతను సురక్షితమైన చోట్లకు తీసుకెళ్లి ఫొటోలు తీయించి, ఊరి పేరు, తేదీతో సహా కొత్తగూడెంలో భద్రపరచాలి. తొలి ప్రదర్శన సత్తుపల్లిలోనే పెట్టాలి.