తుపాకీ అడిగినవాళ్లు అసలు అడిగిందేమిటి?

ఎన్నికల తేదీలు ప్రకటించగానే చెన్నైలోని వాషర్‌మెన్‌పేట్‌లో గోడల మీద రాతలు చెరిపేస్తారు, నాయకుల విగ్రహాలకు ముసుగులు వేస్తారు. ఆ హడావుడిలో ఎవరి కంటా పడకుండా మరో పని కూడా జరిగిపోతుంది. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకు పోలీస్ స్టేషన్ నుంచి కబురొస్తుంది. తుపాకీ అప్పగించి రసీదు పట్టుకెళ్తారు. బ్యాంకు కాపలాదారుల వంటివారికి మినహాయింపు ఉంటుంది. ఎవరి ఆయుధం ఎవరి దగ్గర ఉండవచ్చో తేల్చేందుకు ఒక కమిటీ కూడా ఉంటుంది. ఓట్ల లెక్కింపు ముగిశాక రసీదు చూపించి ఎవరిది వారు తిరిగి తెచ్చుకుంటారు. ఇదే పని టెక్సాస్‌లో ఒక పోలీసు అధికారి తలపెడితే మర్నాటికల్లా కోర్టు లాయర్లతో నిండిపోతుంది. ఇక్కడ పెద్దగా గొణుగుడు కూడా వినిపించదు. భారత రాజ్యాంగంలో ఆయుధం పట్టే హక్కు లేదు కాబట్టి పేచీకి ఆస్కారమే లేదు.

ఆ హక్కు లేదు సరే, ఎవరూ అడగలేదనుకోవడం మాత్రం పొరపాటు. అరవై ఏళ్లకు పైగా అడిగారు. ఆ అడగడం మొదలైంది కూడా ఈ ఊళ్లోనే, ఈ పేటకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో.

1887 డిసెంబరు చివరి వారంలో మద్రాసు థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని మెకేస్ గార్డెన్స్‌లో కాంగ్రెస్ మూడో మహాసభ జరిగింది. అధ్యక్షుడు బద్రుద్దీన్ త్యాబ్జీ. చిత్తూరు ప్రాంతంలో పుట్టిన పనప్పాకం ఆనందాచార్యులు వంటివారు 1884లో పెట్టిన మద్రాస్ మహాజన సభ అప్పటికే ఊళ్లో బలంగా ఉంది. ఆ మహాసభలో 1878 నాటి ఆయుధాల చట్టాన్ని సవరించాలని తీర్మానం చేశారు. యువకుడైన బిపిన్ చంద్రపాల్ ఆ చట్టం మీద విరుచుకుపడ్డాడు. తీర్మానం పాఠం చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అడవి మృగాల బెడదా దోపిడీల భయమా అన్న లెక్క పక్కన పెడితే, చట్టం ఈ దేశ ప్రజల మీద అకారణంగా మచ్చ వేసిందన్నదే వాళ్ల ప్రధానమైన ఫిర్యాదు. మచ్చ ఎందుకంటే, వైస్రాయ్ లిట్టన్ తెచ్చిన ఆ చట్టం కింద భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కు అక్కర్లేదు. మౌంట్ రోడ్డులో తెల్ల గుమాస్తా భుజాన తుపాకీ వేసుకుని వేటకు పోవచ్చు. హైకోర్టులో వాదించే నల్ల ప్లీడరు మాత్రం అర్జీ పెట్టుకోవాలి.

ఈ నిరాయుధీకరణ 1878లో మొదలైంది కాదు, దక్షిణాదిలో దానికి పాత చరిత్ర ఉంది. పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ తెలుగు మాట్లాడే రాజకంబళం నాయకర్ల కుటుంబంవాడు. 1799 అక్టోబరు 16న కయత్తారులో అతన్ని ఉరితీశాక ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి బానర్‌మన్ మిగతా పాలెగాళ్ల కోటలు కూల్పించి ఆయుధాలు అప్పగించమన్నాడు. వాళ్లు మళ్లీ తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు అణిచాక 1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ దక్షిణ జిల్లాల్లో ఆయుధం పట్టడాన్నే నిషేధిస్తూ ప్రకటన జారీ చేశాడు. రాయలసీమలో థామస్ మన్రో పాలెగాళ్ల బలగాలను రద్దుచేసి పింఛన్లిచ్చాడు. పింఛను రాజీ ఎన్నాళ్లు నిలుస్తుంది? 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికొయ్య ఎక్కాడు. మొదట కోటలు కూలాయి, తర్వాత కత్తులు పోయాయి, లిట్టన్ నాటికి తుపాకులూ పోయాయి. ప్రతిసారీ తీసుకున్నది ఇనుమే అయినా, నువ్వు పాలకుడివి కావు, పాలితుడివి అని గుర్తుచేయడమే అసలు పని.

వాషర్‌మెన్‌పేట్‌కు దక్షిణంగా ఓల్డ్ జైల్ రోడ్డు పక్కన మాడి పూంగా అనే చిన్న పార్కు ఉంది. అది నిలబడి ఉన్నది బ్లాక్‌టౌన్ కోటగోడలో మిగిలిన ముక్క మీద. 1769లో హైదర్ అలీ గుర్రపుదళం మద్రాసు పొలిమేరల దాకా వచ్చి కంపెనీకి చెమటలు పట్టించాక, పాల్ బెన్‌ఫీల్డ్ అనే కాంట్రాక్టరుతో ఆ గోడ పూర్తి చేయించారు. ఖర్చు ఊరి జనం నుంచి పన్నుగా రాబట్టాలని చూశారు గానీ సాగలేదు. వాల్ టాక్స్ రోడ్డు అనే పేరు మాత్రం మిగిలింది. గోడకు డబ్బు జనం ఇవ్వాలి, గోడ మీద తుపాకీ కంపెనీ పట్టాలి అన్నది ఆనాటి ఏర్పాటు. 1887 మహాసభ ఆయుధాల తీర్మానంతో పాటు భారతీయులను వాలంటీరు దళాల్లో చేర్చుకోవాలని కూడా అడిగింది. పన్నుకు పనికొచ్చినవాడు రక్షణకు పనికిరాడా అన్న ప్రశ్న అందులో ఉంది.

ఆ తర్వాత అహింసావాది గాంధీ కూడా ఇదే పాట పాడటం ఇప్పటివారికి వింతగా అనిపించవచ్చు. 1918లో ఖేడా జిల్లాలో సైన్యానికి మనుషులను కూడగడుతూ వేసిన కరపత్రంలో, బ్రిటిష్ పాలన చేసిన పాపాల్లో మొత్తం జాతిని నిరాయుధం చేసిన చట్టాన్ని అతి నల్లనిదిగా చరిత్ర చూస్తుందన్నాడు. 1930 జనవరిలో వైస్రాయ్ ఇర్విన్ ముందుంచిన పదకొండు కోరికల్లో ఉప్పు పన్ను రద్దుతో పాటు ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు కూడా ఉన్నాయి. 1928 నాటి మోతీలాల్ నెహ్రూ నివేదికలో, కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల జాబితాలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే, ధరించే హక్కు చోటు చేసుకుంది. నిబంధనలకు లోబడి అన్న షరతును వాళ్లే పెట్టుకున్నారన్నది గమనించాలి. లైసెన్సులు వద్దని వాళ్లు అనలేదు. లైసెన్సు అందరికీ ఒకటే ఉండాలన్నారు.

అమెరికా రాజ్యాంగ రెండో సవరణ దగ్గరా ఇదే తగవు వేరే వేషంలో నడుస్తోంది. 1791లో ఆమోదించిన ఆ ఒక్క వాక్యం స్వేచ్ఛాయుత రాజ్యానికి క్రమబద్ధమైన పౌరదళం అవసరమంటూ మొదలై, ఆయుధాలు ఉంచుకునే, ధరించే జనం హక్కుతో ముగుస్తుంది. 2008లో అమెరికా సుప్రీంకోర్టు విన్న హెల్లర్ కేసులో జస్టిస్ స్కాలియా పాత నిఘంటువులు తిరగేసి అది వ్యక్తి హక్కేనని తేల్చాడు. జస్టిస్ స్టీవెన్స్ అదే కాలపు కాగితాలు చదివి అది పౌరదళానికి సంబంధించినదన్నాడు. తీర్పు 5-4. 2022లో బ్రూయెన్ తీర్పుతో చరిత్రలో పోలిక దొరకని తుపాకీ నియంత్రణ నిలవదన్నదాకా వెళ్లింది. ఇద్దరు న్యాయమూర్తులు అంతగా వాదించుకున్న ఆ వాక్యంలో, ఆనాడు ‘జనం’ అంటే ఎవరు అన్న ప్రశ్న కూడా ఉంది. 1689 నాటి ఇంగ్లండ్ హక్కుల బిల్లు ఆయుధాన్ని ప్రొటెస్టెంట్లకే, అదీ వాళ్ల హోదాకు తగినంతవరకే ఇచ్చింది. అమెరికాలో బానిసలకు లేదు. 1865లో బానిసత్వం పోయాక కూడా మిసిసిప్పీ రాష్ట్రం విముక్తులైన నల్లవాళ్లకు లైసెన్సు లేకుండా తుపాకీ ఉండకూడదని చట్టం చేసింది. లండన్‌లోనైనా, మిసిసిప్పీలోనైనా, మద్రాసులోనైనా ఆయుధం ఆనాడు జంధ్యం లాంటిది. ఎవరు లోపలివాడు, ఎవరు బయటివాడు అని చూడగానే చెప్పేది.

ఆ గుర్తు ఇవాళ అమెరికాలో ఏ పని చేస్తోందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2017 ఫిబ్రవరి 22న కేన్సస్ రాష్ట్రం ఓలేతాలో ఒక బార్‌లో హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరును, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. అడ్డుపడిన స్థానికుడికీ తూటా తగిలింది. కొడుకునో కూతురినో పైచదువుకు పంపే తల్లిదండ్రులు ఫీజుల సంగతితో పాటు ఆ ఊళ్లో కాల్పుల సంగతీ వాకబు చేసే రోజులు వచ్చాయి.

మళ్లీ మన దేశానికి వస్తే, 1948 డిసెంబరు 1, 2 తేదీల్లో ఢిల్లీలో రాజ్యాంగ సభ స్వేచ్ఛల అధికరణం మీద చర్చించింది. ఆయుధం ఉంచుకునే, ధరించే హక్కును కూడా చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చాడు. కరాచీలో ఇచ్చిన మాట ఏమైందన్నది ఆయన వాదం. ఆ మాటకు విలువుంది, కానీ కాలం కలిసిరాలేదు. అదే ఏడాది జనవరిలో గాంధీ పిస్తోలుకు బలయ్యాడు. సెప్టెంబరులో సైన్యం హైదరాబాదులోకి నడిచింది. రజాకార్లు పోయినా తెలంగాణ పల్లెల్లో తుపాకులు ఇంకా మూగబోలేదు. అంబేద్కర్ జవాబు సూటిగా ఉంది. నాడు విదేశీ ప్రభుత్వం జనాన్ని నిరాయుధులను చేసింది కాబట్టి అడిగారు, ఇప్పుడు ఆ పరిస్థితి లేదు, హక్కుగా రాస్తే దోపిడీదొంగకూ అదే హక్కు వస్తుంది, పౌరుడి విషయంలో ముఖ్యమైనది ఆయుధం పట్టే హక్కు కాదు, పట్టవలసిన బాధ్యత అన్నాడు. సవరణ వీగిపోయింది. అది సరైన నిర్ణయమే. 1887లో అడిగిన సమానత్వాన్ని చట్టం ముందు అందరూ సమానులేనన్న 14వ అధికరణం ఏ తుపాకీ కన్నా సూటిగా ఇచ్చింది. 1959లో ఆయుధాల చట్టాన్ని తిరగరాశారు. మినహాయింపులు పూర్తిగా పోలేదు, కొడగులో కొడవలకు ఇప్పటికీ ఒకటి నడుస్తోంది. కర్ణాటక హైకోర్టు 2021లో దాన్ని సమర్థించింది. అది వాళ్ల ఆచారానికి ఇచ్చిన గౌరవం, పాలకజాతి దర్పం కాదు.

ప్రాథమిక హక్కుల అధ్యాయంలో ఆయుధం ఊసు రెండుచోట్ల వస్తుంది. ఒకటి సిక్కుల కిర్పాన్‌ది, 25వ అధికరణం వివరణలో. రెండోది 19వ అధికరణంలో, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమికూడే హక్కు. కామత్ అడిగిన హక్కును కాదన్న రాజ్యాంగం దానికి బదులుగా ఇచ్చినది ఇదేనని చదువుకోవడంలో తప్పు లేదు. ఒట్టిచేతులతో వచ్చిన పౌరుడి మాట రాజ్యం వినాలి, కనీసం నిలబడనివ్వాలి. అది రాజ్యం ఇచ్చిన పూచీ.

ఆ పూచీ ఎంత గట్టిదో వాషర్‌మెన్‌పేట్ 2020లో చూసింది. పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా ఫిబ్రవరి 14న పాత వాషర్‌మెన్‌పేట్‌లో మహిళలు ముందుండి రోడ్డు మీద కూర్చున్నారు. ఆ రాత్రి లాఠీలు లేచాయి. రాళ్లు పడ్డాయని పోలీసులన్నారు, అకారణంగా కొట్టారని ఆందోళనకారులన్నారు. మర్నాటికి తమిళనాడంతటా నిరసనలు చెలరేగాయి. ఇక్కడి బైఠాయింపు చెన్నై షాహీన్‌బాగ్ అనే పేరుతో మార్చిలో కరోనా వచ్చేదాకా సాగింది. ఆ చట్టం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ వీధిలో గొడవ కూడా ఎవరు లోపలివాళ్లు అన్నదాని మీదే. ఈసారి అడిగినవాళ్ల చేతుల్లో ప్లకార్డులున్నాయి.

చెన్నైలో సభ పెట్టాలన్నా ఊరేగింపు తీయాలన్నా అడ్డొచ్చేది 1888 నాటి నగర పోలీసు చట్టం. కాంగ్రెస్ మహాసభ ముగిసిన మరుసటి ఏడాది వచ్చిందది. దాని 41వ సెక్షన్ కింద కమిషనర్ పదిహేను రోజుల నిషేధం విధించవచ్చు, ముగియగానే మళ్లీ విధించవచ్చు. వీధుల్లో సభలను పోలీసులు క్రమబద్ధం చేయవచ్చు గానీ తమ ఇష్టానికి అసలే లేకుండా చేయలేరని 1972లో హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్లను నిరవధికంగా ఆక్రమించకూడదని 2020 అక్టోబరులో ఢిల్లీ షాహీన్‌బాగ్ తీర్పులోనూ చెప్పింది. రెండూ న్యాయమే, రెండింటికీ మధ్య చోటు కావాలి. లిట్టన్ చట్టాన్ని 1959లో పక్కన పెట్టినట్టు ఈ సెక్షన్‌ను కూడా తమిళనాడు శాసనసభ తిరగరాయాలి. అనుమతి నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా, కోర్టుకు వెళ్లేందుకు వ్యవధి ఉండేలా ముందుగానే ఇవ్వాలి. వెంటవెంటనే పొడిగించే నిషేధాలకు గడువు కట్టాలి. ఎన్నికలప్పుడు తుపాకీ అప్పగించినవాడికైనా చేతిలో ఒక రసీదు ఉంటుంది, తిరిగి ఎప్పుడు వస్తుందో తెలుస్తుంది. సభకు అర్జీ పెట్టుకున్నవాడికి ఆ మాత్రం కాగితమైనా దక్కాలి.