వర్తకపుటొడంబడికలు - మానవస్వత్వములు

రెండు దేశములు సరకుల సుంకములను గూర్చి యొడంబడిక చేసికొనునపుడు పనివాని ప్రాణమును గూర్చి ముచ్చటింపనేల యని యడుగువారు కలరు. వర్తకము వేఱు, న్యాయము వేఱు అని వారి వాదము. వర్తకులకు మిక్కిలి యనుకూలమగుటచే ఈ వాదము చిరకాలము బ్రతికినది. అమెరికా సంయుక్తరాష్ట్రములు కొలంబియాతో చేసికొనిన యొడంబడిక చరిత్రమును చూచినవారికి ఇందలి డొల్లతనము తెలియగలదు.

ఆ యొడంబడికపై 2006 నవంబరులో సంతకములయ్యెను. అది యమలులోనికి వచ్చినది 2012 మే 15వ తేదీన. ఇంత జాగునకు ముఖ్యకారణము సుంకముల తగవు కాదు. కొలంబియాలో కార్మికసంఘమును నడుపుట ప్రాణములకు తెగించి చేయవలసిన పని. 1986 మొదలు 2011 వఱకు హతులైన సంఘనాయకులును సభ్యులును రెండువేల యైదువందలకు మించిరని యచ్చటి కార్మికసంస్థల లెక్క. వారిలో అరటితోటల కూలీలు కలరు, బడిపంతుళ్లు కలరు, గనులలో పనిచేయువారు కలరు. హంతకులలో శిక్షపడినవారు బహుకొద్దిమంది. ఇట్టి దేశపు సరకునకు తలుపులు బార్లా తెఱచుటకు ముందు ఆ నెత్తురెవరిదని యడుగుట తప్పా?

2008 ఏప్రిలులో అధ్యక్షుడు బుష్షు ఒడంబడికను కాంగ్రెసునకు పంపెను. నిర్ణీతదినములలో ఓటు జరిగి తీరవలెనని నియమము. ప్రతినిధిసభ 195 మంది కాదన్నను 224 ఓట్లతో ఆ గడువునే త్రోసివేసెను. ఇది కేవలము పరోపకారబుద్ధియని మేము నమ్మము. అది యెన్నికల సంవత్సరము; తమ కొలువులు పోవునను భయము అమెరికా కార్మికులకును కలదు.

బలవంతుడు బలహీనునకు నీతులు చెప్పుట మనకు క్రొత్త కాదు. రెండువందల యేండ్లు అట్టి పాఠములు వినిన జాతి మనది. శంకించుట సహజమే. కాని ఒడంబడికను ఆపుడని కోరినవారిలో కొలంబియా కార్మికసంఘములే కలవు. జాగుచే ఆ దేశీయుల నోటికూడును పోలేదు. 1991 నాటి యమెరికా శాసనమును బట్టి వారి సరకులలో చాలభాగము అప్పటికే సుంకము లేక ప్రవేశించుచుండెను.

మా యాక్షేపణ వేఱొకటి. 2011 ఏప్రిల్ 7వ తేదీన అధ్యక్షులు ఒబామా, సాంటోసు ఒక కార్యప్రణాళికకు సమ్మతించిరి. కార్మికులకు ప్రత్యేకమంత్రిశాఖ నేర్పఱచుట, సంఘనాయకులను కాపాడుట, హత్యలను గట్టిగా విచారించుట, సహకారసంఘమను పేర కూలీలను చేర్చి వారు కూలీలే కారని బుకాయించు మోసమును మాన్పుట అందలి ముఖ్యాంశములు. చదువుటకు ముచ్చటైన పత్రమే. అయితే అది యొడంబడికలో భాగము కాదు. మాట నెరవేఱువఱకు ఓటును చేతనుంచుకొనుటకు మాఱుగా, ఆఱు నెలలకే, అక్టోబరు 12న, ప్రతినిధిసభ 262 ఓట్లతోను సెనేటు 66 ఓట్లతోను ఒడంబడికను ఆమోదించెను.

హత్యలు మునుపటికంటె తగ్గినమాట నిజమే, నిలిచిపోలేదు. 2016లో ఉభయదేశముల కార్మికసంఘములు ఫిర్యాదు చేయగా, 2017 జనవరిలో అమెరికా కార్మికశాఖ గట్టి సందేహములను వెలిబుచ్చి, సంప్రదింపులు జరుపవలసినదని సలహా చెప్పెను. ఓటు చేతనున్నపుడు ఇద్దఱు దేశాధ్యక్షులను కదలించిన మొఱ, ఓటు వేసిన పిదప ఒక సలహాగా మిగిలెను!

అమెరికా సభ తన యోటును తొందరపడి వాడుకొనెను. మన సభకు ఆ యోటే లేదు. విదేశపుటొడంబడికను పార్లమెంటు ఆమోదింపవలెనను నియమము మన రాజ్యాంగమున కానరాదు. 1994 ఏప్రిల్ 15న మర్రాకెష్ నగరమున ప్రపంచవర్తకపుటొడంబడికపై మన ప్రభుత్వము సంతకము చేసినపుడు సభ్యుల యోటు కొఱకు వేచియుండలేదు. గోదావరి, కృష్ణా మండలముల రొయ్యలు అమెరికాకు ఓడలలో పోవుచున్నవి. వాని నొలుచు స్త్రీల కూలియెంత, పనిగంటలెన్ని యని రేపు పరదేశపు సభవారు అడిగినచో స్వాతంత్ర్యమునకు భంగమని మనము కేకలు వేయుదుము. ఆ ప్రశ్నను మన సభ ముందుగా నేల యడుగరాదు?

ప్రతి వర్తకపుటొడంబడికను సంతకమునకు పూర్వమే పార్లమెంటు ముందుంచి, పనివారి స్థితిని విచారించి, ఓటు తీసికొనునట్లు శాసనము చేయవలెనని మేము కోరుచున్నాము. ఒడంబడికలను గూర్చి శాసనము చేయు నధికారము కేంద్రజాబితాలోని 14వ పద్దు పార్లమెంటునకు ఇచ్చియే యున్నది. అట్టి శాసనము నేటివఱకు రాలేదు.