సీతమ్మ దగ్గరే ఆగిపోయాం

మా భద్రాచలం వైపు, పర్ణశాల దారిలో సీతమ్మ చీరలారేసిన గుర్తులని బండలు చూపిస్తారు. వాటిని చూస్తూ మా ఇంట్లో పెద్దవాళ్లు తలుచుకునేది మాత్రం ‘లవకుశ’ (1963) అంజలీదేవినే. ఆ భక్తితో నాకు పేచీ లేదు. ఆవిడ మీద రాసేవాళ్లు కూడా అక్కడే ఆగిపోతారు చూడండి, దానితోనే పేచీ.

‘అనార్కలి’ (1955), ‘సువర్ణసుందరి’ (1957), ‘భక్త తుకారాం’ (1973) మూడూ అంజలీ పిక్చర్స్ వారివి. మనం వాటిని నాగేశ్వరరావు సినిమాలంటాం. పాటల మాటొస్తే ఆదినారాయణరావుని మెచ్చుకుంటాం. మరి ఆవిడ?

సంస్థ నడిపింది భర్తే కదా అంటారు. సరే, మరి బోర్డు మీద ఎవరి పేరు పెట్టారు? ‘బాలరాజు’ (1948), ‘కీలుగుర్రం’ (1949) నాటికే జనానికి తెలిసిన పేరది. ఆ పేరే ఆ సంస్థకి పెట్టుబడి. హీరో పేరుతో సంస్థ ఉంటే ఇలా అడుగుతామా?

‘లవకుశ’లో సీత అడవిలో ఇద్దరు పిల్లల్ని పెంచి వీరుల్ని చేసింది. మనకి గుర్తుంది ఆమె కన్నీళ్లే. వచ్చే శ్రీరామనవమికి అంజలీదేవి మీద రాసేవాళ్లు ఆ కన్నీళ్లతోనే మొదలుపెట్టండి, కానీ అంజలీ పిక్చర్స్ దాకా రండి.