ఒకే బోరు నీళ్లు, ఒక ఇంటికే రాళ్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కిడ్నీలో రాళ్ల మాటెత్తితే జనం ముందు బోరు నీళ్లను తిడతారు, ఆ తర్వాత టమోటా గింజలను. గింజకూ రాయికీ సంబంధం లేదు. నీళ్ల మాట మాత్రం కొట్టిపారేయలేం. ఎండలో టమోటా కోసే మనిషి కార్చిన చెమటకు తగ్గ నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి, అందులోని లవణాలు గడ్డకడతాయి. కానీ ఒకే బోరు నీళ్లు తాగే వీధిలో ఒక ఇంట తండ్రికీ కొడుక్కీ రాళ్లుంటే, పక్కింట్లో ఎవరికీ ఉండకపోవచ్చు. ఆ తేడా తెలియాలంటే వంశాన్ని అడగాలి. మన ఆసుపత్రుల్లో ఆ ప్రశ్న అడిగి తీరాలన్నదే నా వాదన.

ఒకే ఇంట్లో తిండీ ఒకటే కదా, వారసత్వం అనడమెందుకు అంటారా? అమెరికా మాజీ సైనికుల్లోని కవలలపై 2005లో ఒక అధ్యయనం వెలువడింది. ఒకరికి రాళ్లుంటే రెండోవారికీ ఉండటం అచ్చుగుద్దినట్టుండే కవలల్లో నూటికి 32, మామూలు కవలల్లో 17. రెండు రకాలవాళ్లూ తోడబుట్టినవాళ్లే, కాబట్టి ఆ తేడాలో పెద్ద పాలు జన్యువులదే. అలాగని 'వంశంలోనే ఉంది, ఏం చేస్తాం' అని చేతులెత్తేయనక్కర్లేదు. జన్యువులు ఒకటే అయినా నూటికి 68 మంది కవల సోదరులకు రాళ్లు రాలేదు మరి. ఇటలీలో తొలిసారి రాయి వచ్చినవాళ్లను రెండు జట్లు చేసి ఐదేళ్లు గమనించారు. రోజూ రెండు లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగినవాళ్లలో 12 శాతం మందికే రాయి తిరగబెట్టింది, తాగనివాళ్లలో 27 శాతం మందికి. గుండె జబ్బున్నవాళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే తాగాలి.

పిల్లల సంగతి వేరు, నా భయమంతా అక్కడే. పెద్దల రాళ్ల వెనక చాలా జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయి. మూత్రంలో సిస్టీన్ పేరుకునే సిస్టిన్యూరియా, ఆక్సలేట్ పేరుకునే ప్రైమరీ హైపరాక్సలూరియా లాంటి అరుదైన జబ్బుల్లో మాత్రం ఒక్క జన్యువులోని లోపమే చాలు. అది సాధారణంగా తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. అక్క కూతురిని, మేనమామ కూతురిని చేసుకునే మన సీమలో ఇద్దరిలోనూ అదే లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది మేనరికాన్ని తప్పుపట్టడం కాదా అని నొచ్చుకునేవాళ్లుంటారు. మేనరికం చేసుకున్న దంపతుల పిల్లల్లో చాలామంది ఆరోగ్యంగానే ఉన్నారు. 'మీది మేనరికమా, ఇంట్లో ఇంకెవరికైనా రాళ్లున్నాయా' అని చీటీ మీద రాసుకోవడం నింద కాదు, వైద్యం. హైపరాక్సలూరియాను గుర్తించకుండా వదిలేస్తే కిడ్నీలే పోతాయి. ముందే తెలిస్తే కొందరికి బి6 విటమిన్‌తోనే ఆక్సలేట్ తగ్గుతుంది.

జన్యు పరీక్షలకు డబ్బెక్కడిది అన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే మొదటి మెట్టు అది కాదు, పడిపోయిన రాయిని దాచడం. ఉలవకట్టు, కొండపిండాకు కషాయం తాగించాక బిడ్డకు రాయి పడిపోతుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది, రాయి మరుగుదొడ్డి పాలవుతుంది. చిన్న రాళ్లు చాలావరకు వాటంతటవే పడతాయి. ఆవగింజంతైనా సరే, ఆ రాయిని కాగితంలో చుట్టి కుప్పం మెడికల్ కాలేజీ ఆసుపత్రికో, దగ్గర్లోని డాక్టరు దగ్గరికో తీసుకెళ్లాలి. అది సిస్టీన్‌దా, ఆక్సలేట్‌దా అన్నది తేలితే, తమ్ముడికీ చెల్లెలికీ మూత్ర పరీక్ష ఎప్పుడు చేయించాలో ఆ రోజే తెలుస్తుంది.