ఈ వారం నవల: చివరకు మిగిలేది

జ్ఞానోదయం కోసం తపించేవాడి నవల అనగానే ఆశ్రమం, గురువుగారు, హిమాలయాలు గుర్తొస్తాయి. ఇంటి పనుల మధ్య అవన్నీ మనకెక్కడ ఎక్కుతాయిలే అని పక్కన పెట్టేస్తాం. బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’లో అవేమీ లేవు. ఇందులో వెతుకులాడేవాడు దయానిధి అనే డాక్టరు. అతని వెతుకులాట మొదలైంది ఊరివాళ్ల నోళ్ల దగ్గర.

బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916లో ఏలూరులో పుట్టారు, 1967లో పోయారు. అనంతపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు, తర్వాత రేడియోలో పనిచేశారు. ఆయన రాసిన నవల ఇదొక్కటే. 1946-47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది.

దయానిధి తల్లి గురించి ఊళ్లో చెడ్డగా చెప్పుకునేవారు. ఆమె పోయినా ఆ మాట పోలేదు, కొడుకు వెంట పడింది. కోమలి మీద ప్రేమ, బంధువైన అమృతం ఆదరణ, ఇందిరతో పెళ్లి, ఏదీ అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. రాయలసీమ వెళ్లాడు, వైద్యం చేశాడు, వజ్రం దొరికి డబ్బూ చూశాడు. అయినా మనసుకు శాంతి లేదు. చివరికి అతను చేరుకున్న చోటు మోక్షం కాదు. తన గతంతో, తనతో తాను సమాధానపడటం.

జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే 1922లో ‘సిద్ధార్థ’ రాశారు. అందులో సిద్ధార్థుడు బుద్ధుడు కాదు, బుద్ధుడి కాలంలోని ఓ బ్రాహ్మణ యువకుడు. ఇంట్లో ఏ లోటూ లేకపోయినా సత్యం కోసం గడప దాటాడు. మన దయానిధిని కదిలించింది మాత్రం తల్లి మీద పడ్డ నింద. అందుకే ఈ కథ మనకు దగ్గరగా అనిపిస్తుంది.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఫ్యాక్టరీల్లో ఎందరో ఆడవాళ్లు పనిచేస్తున్నారు. చీకటి పడ్డాక బస్సు దిగి నడిచొచ్చే అమ్మాయిని చూసి మనలో ఎవరో ఒకరు ఓ మాట అంటాం. అనేసి కూర తరుక్కుంటాం, మర్చిపోతాం. ఆ అమ్మాయికో, రేపు ఆమె కడుపున పుట్టే బిడ్డకో అది ఎన్నాళ్లు గుచ్చుకుంటుందో ఈ నవల చదివితే తెలుస్తుంది.

ఒక్క లోటు చెప్పాలి. శాంతి వెతుక్కునేవాడు దయానిధి, అందుకు మూల్యం చెల్లించింది ఎక్కువగా ఆడవాళ్లు. కాపురానికి నోచుకోకుండానే ఇందిర కన్నుమూసింది. ఆమె మనసులో ఏముందో మనకు తెలిసేది తక్కువే. ‘సిద్ధార్థ’లోనూ అంతే. కొడుకును ఒంటరిగా పెంచిన కమల పాముకాటుతో పోతుంది, నది ఒడ్డున జ్ఞానం తండ్రికి దక్కుతుంది. ఆ తల్లులకేం మిగిలిందని అడగడం మన హక్కు.

నవల పెద్దది, నడక నెమ్మది. రోజుకు పది పేజీల చొప్పున చదవండి. అది పూర్తయ్యాక బుచ్చిబాబు గారి భార్య శివరాజు సుబ్బలక్ష్మి గారి కథలూ చూడండి. ఆవిడ 2021లో కన్నుమూశారు. మంచి రచయిత్రి, చిత్రకారిణి కూడా. ఆడవాళ్ల మనసులో మాట అక్కడ దొరుకుతుంది.