చిల్లుకుండలో నీళ్లు

గర్భిణులకు ఐరన్ మాత్రలు ఇస్తున్నారు. మంచిదే. కాని పేగుకు పట్టుకున్న కొంకిపురుగులు రక్తం పీలుస్తుంటే, చిల్లుకుండలో నీళ్లు పోసినట్లే. బహిర్భూమి మట్టిలోంచి ఈ పురుగు పిల్లలు ఉత్తికాళ్ల చర్మం గుండా ఒంట్లోకి చేరతాయి. చెప్పుల్లేకుండా చేలోకి వెళ్లే ఆడకూలీలకు బెడద ఎక్కువ.

నేపాల్‌లోని సర్లాహి జిల్లా పల్లెల్లో శాస్త్రవేత్త పారుల్ క్రిస్టియన్, ఆమె సహచరులు జరిపిన పరిశోధన 2004లో వెలువడింది. కడుపుతో ఉండగా రెండుసార్లు అల్బెండజోల్ మాత్ర వేసుకున్న తల్లుల బిడ్డలు సగటున 59 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు. ఆరు నెలల లోపు శిశు మరణాలు 41 శాతం తగ్గాయి. ఉగాండాలోని ఎంటెబ్బేలో జరిగిన, 2010లో వెలువడిన పరిశోధనలో ఇంత మేలు కనిపించని మాటా నిజమే. పురుగుల బెడద అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

మన దేశంలో మొదటి మూడు నెలలు దాటాక గర్భిణికి ఈ మాత్ర ఇవ్వాలని ప్రభుత్వ నిబంధన ఉంది. అది కాగితంపైనే మిగిలిపోరాదు. నర్సమ్మ మరిచిపోతే అత్తగారే అడగాలి. అంతకు ముందు మాత్రం వేయకూడదు.

మాత్ర ఒక్కటే చాలదు. మరుగుదొడ్డి వాడకపోతే పురుగు మళ్లీ వస్తుంది. సీమంతానికి చీర పెట్టే పుట్టింటివారు ఒక జత చెప్పులు కూడా పెట్టలేరా?